సుగుణ ఆంటీ పాడిన రెండు రికార్డులు

సుగుణ ఆంటీ పోయారు.

మొన్న మధ్యాహ్నం షిఫ్టులో ఉండగా తెలియని నంబర్ నుంచి ఫోన్.

"ఆర్ యూ ద పాంఫ్లెట్ గర్ల్? దట్స్ హౌ మమ్ సేవ్డ్ యూ ఇన్ హర్ ఫోన్."

వాళ్ళబ్బాయి డేనియల్, మెల్‌బోర్న్ పక్క వెర్రిబీ నుంచి. రాత్రి నిద్రలోనే పోయారట. ఉదయం ఎంత తట్టినా తలుపు తీయకపోతే పక్కింటావిడకి అనుమానం వచ్చిందట.

వేర్‌హౌస్‌లో స్కానర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బెల్ట్ మీద పార్సిళ్ళు పోతూనే ఉన్నాయి.

మీలో చాలామందికి ఆమె సిడ్నీ గిరావీన్‌లో ఒంటరిగా ఉండే రిటైర్డ్ నర్స్. చర్చి కోయిర్‌లో చివరి వరస.

ఆమె ఇదే సిడ్నీలో సోల్, ఫంక్ పాడిన మనిషి. అమెరికాలో, చర్చిల్లోనూ వీధుల్లోనూ నల్లజాతి జనం చెమటలోంచి పుట్టిన పాట అది. ఆ పాటని మన సుగుణ ఆంటీ పాడి, రికార్డులు ఇచ్చారు. ఏ తెలుగు అసోసియేషన్ సావనీర్‌లోనూ ఆ ముక్క ఉండదు. మనకి ఇళ్ళు కొన్నవాళ్ళ చరిత్రే చరిత్ర.

ఆమెని మొదట చూసింది స్టేషన్ బయట. క్యాజువల్ వర్కర్ల హక్కుల మీద నేనే రాసిన కరపత్రం పంచుతున్నాను. ఇయర్‌బడ్స్ తీసిన పాపాన ఎవరూ పోలేదు. ఒక పెద్దావిడ మాత్రం కూరగాయల ట్రాలీ ఆపి, నిలబడి, మొత్తం చదివింది.

"బాగానే ఉందమ్మా. పల్లవేదీ?"

"ఇది పాట కాదాంటీ, కరపత్రం."

"అందుకే ఎవులూ అట్టుకెళ్ళట్లేదు."

నాకు మండింది. మీకు పాటలు రాయడం వచ్చా ఏమిటి అన్నాను.

"రాసేను కదా. రికార్డులు కూడా వచ్చేయి."

ఆవకాయ పెట్టిన సంగతి చెప్పినట్టు చెప్పారు.

విశాఖ చర్చిలో పెరిగిన గొంతు. నర్సుగా ఇక్కడికొచ్చిన కొత్తలో, డ్యూటీ దిగి పబ్బులో ఒక బ్యాండ్‌తో పాడేవారు. ఒక చిన్న కంపెనీ రెండు రికార్డులు వేసింది. వాటి మీద బ్యాండ్ పేరుంది, ఆమె పేరు లేదు. ఆ పేరు ఇక్కడెవరికీ నోరు తిరగదన్నాడట కంపెనీవాడు.

సుగుణ. మూడక్షరాలు.

మూడో పాట సగంలో ఉండగా కంపెనీ మూతపడింది. బ్యాండ్‌వాళ్ళు తలో ఊరూ పోయారు. తర్వాత పెళ్ళి, పిల్లాడు, నైట్ డ్యూటీలు. అంతే, ఏడాది కూడా నిండని కెరీర్.

పాత రికార్డులు పోగుచేసే ఎవరో ఒక పాటని నెట్‌లో పెట్టారు. వెతికి పట్టుకుని ఆంటీ కిచెన్‌లోనే ఫోన్‌లో వినిపించాను. కోటు విప్పి మేకుకి తగిలించి, రా, ఇవాళ తేల్చుకుందాం అని ఒక ఆడమనిషి మొగుణ్ణి పిలిచే పాట. వింటూ ఉంటే నా వెన్ను దానంతటదే నిటారైంది.

ఆంటీ ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నారు.

"ఇదిగో, ఇక్కడ బేస్ గిటారోడు తప్పేడు. నాకు నవ్వొచ్చీసింది. వినపడతందా?"

వినపడింది. రెండో చరణం చివర, చిన్నపిల్లలా ఆమె నవ్వు.

ఈ గొంతు ఎవరిదని కింద కామెంట్లలో దేశదేశాల వాళ్ళు తగువులాడుకుంటున్నారు. నేను ఆవేశంగా పేరు టైప్ చేయబోయాను.

"రాసుకో, నీ ఇష్టం. ఆళ్ళెవులమ్మా నాకు? మనోళ్ళు ఒక్కసారి కూకోని, మొదల్నుంచి ఆఖరిదాకా ఇంటే చాలు."

"డేనియల్‌కి చెప్పలేదా?"

"ఆడెప్పుడూ అడగలేదు."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అసోసియేషన్ కమిటీతో గొడవపడి ఉగాది ప్రోగ్రామ్‌లో ఆంటీకి ఒక స్లాట్ సంపాదించాను.

స్టేజీ మీద వెనక మ్యూజిక్ ట్రాక్ లేదు. తొడ మీద చరుస్తూ మొదలుపెట్టారు. ముందు వరుస అంకుల్స్ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మొదటి చరణం కూడా కాలేదు, ఇంకో మైకులోంచి అనౌన్స్‌మెంట్: "డిన్నర్ ఈజ్ రెడీ. దయచేసి క్యూ పాటించండి."

హాలు ఖాళీ అయింది.

ఆంటీ ఆపలేదు. ఖాళీ కుర్చీలకి ఒక్క లైను కూడా వదలకుండా పాడి, నమస్కారం పెట్టి దిగారు.

నేను కమిటీ అంకుల్ మీదికి వెళ్ళాను. సాటి మనిషి పాడుతుంటే వీపు చూపించేది సంస్కృతి ఎలా అవుతుందని అడిగాను.

"అమ్మాయ్, ఇది ఫ్యామిలీ ఆడియన్స్. ఏదన్నా కీర్తన పాడించాల్సింది," అన్నారాయన ప్లేటులో గారె వేసుకుంటూ.

ఆంటీ నా చున్నీ పట్టి లాగారు.

"పోనీవే. పబ్బులో అయితే సీసాలు ఇసిరేవోరు. ఈళ్ళు పులిహోరకి లేచేరు. ఇదే నయం."

కారెక్కాక మాత్రం ఇంటిదాకా కిటికీలోంచి బయటికే చూశారు.

నిన్న డేనియల్‌ని అడిగాను, ఫ్యూనరల్‌లో ఆ పాట వేయమని.

"వాట్ సాంగ్?" అన్నాడు.

లింక్ పంపాను. చాలాసేపటికి మళ్ళీ ఫోన్ చేశాడు.

"షీ యూజ్డ్ టు హమ్ దట్ వైల్ ఐరనింగ్. ఐ థాట్ ఇట్ వజ్ ఎ చర్చ్ సాంగ్."

ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడగాల్సింది కదా అని నోటిదాకా వచ్చింది. అతను ఏడుస్తున్నాడు. ఫ్యూనరల్ ఎప్పుడని మాత్రం అడిగాను.

సర్వీసులో ఏ పాట తర్వాత ఏ ప్రార్థనో పాస్టర్‌గారు అప్పటికే ఖాయం చేశారట. మధ్యలో కుదరదన్నారు. మొదలవకముందు, జనం వచ్చి సర్దుకునే టైములో వేయడానికి ఒప్పుకున్నారు.

మనవాళ్ళ సంగతి నాకు తెలుసు. పదకొండు గంటలకి అంటే పదకొండున్నరకి పార్కింగ్ వెతుక్కుంటారు. పెళ్ళికీ అంతే, చావుకీ అంతే. మీరు లోపలికొచ్చేసరికి పాట అయిపోయి ఉంటుంది.

అందుకే అడుగుతున్నాను. ఫ్యూనరల్ శుక్రవారం పదకొండుకి; మీరు పదిన్నరకే రండి. ఆంటీ వెళ్ళే చర్చిలోనే. పూలు తేకపోయినా ఫర్వాలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని కూర్చోండి. ఆ పాట మూడు నిమిషాలు కూడా ఉండదు. నచ్చకపోయినా వినండి.

ఎవరూ రాకపోతే నేనొక్కదాన్నే వింటాను, ఆంటీ. ఆఖరి లైను దాకా వింటాను.

ఇక మీరు అలసట తీర్చుకోండి, ఆంటీ. మీ ఆత్మ చల్లగా ఉండాలి.