కాలేసి పట్టిన సీటు

ఆ రోజుల్లో మా కారంపూడి బస్టాండులో మనుషుల కంటే ముందు వాళ్ల వస్తువులు బస్సెక్కేవి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, కర్చీఫులు, టిఫిన్ సంచులు లోపల పడేవి. ఎవరి వస్తువు పడితే ఆ సీటు వాళ్లది, ఇక పేచీ లేదు. ఆ న్యాయాన్ని నేను మరీ గట్టిగా నమ్మానని ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

పదిహేనేళ్లప్పుడు మిరపకోతల నుంచి వస్తుంటే ట్రాక్టరు బోల్తా పడి, మోకాలి కింద నా ఎడమ కాలు పోయింది. ఏడాది పాటు ఏడ్చాను, అలిగాను. పెట్టుడు కాలుతో వసారాలో నడక నేర్చుకుంటూ మా నాయనమ్మ ధనియాల చేట మీద మూడుసార్లు పడ్డాను. (దెబ్బ చేటకే ఎక్కువ తగిలిందని ఆవిడ వాదన.) నడక కుదురుకున్నాక కూడా నేను లేస్తే చాలు, ఇంటిల్లిపాదీ "కూర్చో తల్లీ" అనేవాళ్లు. ఆ మాట వింటే ఒళ్లు మండేది. నరసరావుపేటలో ఇంటర్ చేరతానంటే నాన్న ఒక షరతు పెట్టాడు.

"గంటకు పైన నిలబడి పోవాలంటే చానా కష్టం. మోకాలు పుండవుద్ది. రేపు నీ అంతట నువ్వు సీటు పట్టుకొని పోయి రా. పట్టావా, కాలేజీ. లేదా, ఇంట్లోనే కూర్చొని ప్రైవేటుగా కట్టు."

మర్నాడు పొద్దున్నే ఆయన టీ కొట్టు బల్ల మీద జడ్జీగారిలా కూర్చున్నాడు. బస్సు ఖాళీగానే వచ్చింది, జనం మాత్రం రెండు బస్సులకు సరిపడా ఉన్నారు. (వికలాంగులకని ఒక సీటుండేది. అందులో ఎప్పుడూ ఎవరిదో బియ్యం బస్తా ఉండేది. బస్తాకి అసలు కాళ్లే లేవు గనుక నేనేమీ అనలేకపోయేదాన్ని.) నేను గురి చూసి కర్చీఫు వేశాను. అప్పటికే లోపలికి దూరిన ఒక బుర్రమీసాలాయన దాన్ని రెండు వేళ్లతో ఎత్తి కిటికీ అవతల పడేసి, తీరిగ్గా నిలబడి తన సంచి పై అరలో సర్దుకోసాగాడు.

నా కాలేజీ ఆ కర్చీఫుతో పాటే మట్టిలో పడింది. కోపంతో నాకు కళ్లు కనపడలేదు. బస్సుకు ఆనుకొని, పట్టీ లాగి, కాలు ఊడదీసి, బూటుతో సహా కిటికీలోంచి సీటు మీదికి తోసేశాను.

లోపల ఎవరో కెవ్వుమన్నారు. మీసాలాయన సంచి వదిలేశాడు.

"ఏందమ్మా ఇది?"

"కర్చీఫంటే తీసేశారు గదా బాబాయ్. దాన్ని తీయండి చూద్దాం!"

అంతవరకు బ్రహ్మాండం. తీరా చూస్తే ఎక్కడానికి నా దగ్గర మిగిలింది ఒక్క కాలే. అంతలో డ్రైవరు బస్సు కదిలించాడు.

"ఆపండి! నా కాలు పోతుంది!" అని అరుస్తూ బస్సు పక్కన గెంతాను. (ఒకే కాలిని రెండుసార్లు పోగొట్టుకున్న ఘనత ఇంచుమించు నాకే దక్కేది.) టీ కొట్టు దగ్గర నాన్న గబుక్కున లేచాడు. నాలుగడుగులు పరుగెత్తి, ఏమనుకున్నాడో, అక్కడే ఆగిపోయాడు. కండక్టరు విజిలేశాడు. బస్సు ఆగింది. చేయందించబోయిన ఒక ముసలావిడతో "నేనెక్కుతా మామ్మా" అని చెప్పి, కమ్మీ పట్టుకొని ఒక గెంతు, రెండు గెంతులు, మూడో గెంతుకు లోపలున్నాను. జనం పక్కకు జరిగి దారిచ్చారు. నా కాలిని ఒళ్లో పెట్టుకొని నా సీట్లో కూర్చున్నాను. కూర్చోవడంలో అంత గొప్ప ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

నాన్న కిటికీ దగ్గరికొచ్చాడు. చేతిలో నా కర్చీఫు. దుమ్ము దులిపి ఇచ్చి, మొహం పక్కకు తిప్పుకొని, "వచ్చేటప్పుడు బస్ పాస్ ఫారం తెచ్చుకో" అన్నాడు.

ఇప్పుడు నాది తేలికపాటి కాలు. ఉద్యోగానికి స్కూటీ మీద పోతాను. ఎప్పుడైనా బస్సెక్కితే కుర్రాళ్లు లేచి "కూర్చోండి ఆంటీ" అంటారు. కాలు చూసి కాదు, వయసు చూసి. అదొక్కటే కాస్త బాధ. అయినా రద్దీ బస్సు కనపడగానే నా చేయి తెలియకుండానే మోకాలి కింది పట్టీ మీదికి పోతుంది.