నది ఇవతలి ఊరు

బేస్‌లో మమ్మల్ని దింపేసరికి మధ్యాహ్నం రెండు. ట్రక్కు వెనక తలుపు దించగానే చలి చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఎదురుగా రాతి కొండలు. వాటి మధ్య నుంచి బూడిద రంగు మంచునది దిగి వచ్చి అక్కడికి ఆగిపోయింది. చెట్టు లేదు, గడ్డి లేదు. హవల్దార్ వచ్చి మమ్మల్ని వరసలో నిలబెట్టి ఆర్డర్లు చెప్పాడు. వారం రోజులు పని లేదు. పరుగెత్తకూడదు. నీళ్లు తాగుతూ ఉండాలి. తలనొప్పి వస్తే దాచకూడదు. అంతే, దిగిపొమ్మన్నాడు బంకర్‌లోకి.

అవి తొంభైల చివరి రోజులు. మా ఊళ్లో కుర్రాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు, ఎంతమందిని కాల్చావని. ఒక్కణ్నీ కాల్చలేదు. నెలల తరబడి కిరోసిన్ పొగ మింగాను, ఉమ్మితే నల్లగా పడేది. చెబితే వాళ్లకు నచ్చదు, సెల్‌ఫోన్ చూసుకుంటూ లేచిపోతారు. పోనీలే, నాకూ చెప్పే ఓపిక లేదు. ఈ ఒక్కటీ మాత్రం చెబుతాను.

నేను రేడియో ఆపరేటర్‌ని. మూడు జతల సాక్సులు, రెండు జతల గ్లవ్స్, నల్ల అద్దాలు, ఒక సెట్టు. బ్యాటరీలు చలికి చచ్చిపోతాయి కాబట్టి పడుకునేటప్పుడు సంకలో పెట్టుకునేవాణ్ని. పొద్దున ఆరింటికి పై పోస్టులన్నింటినీ ఒక్కొక్కటిగా పిలవాలి. జవాబు రావాలి. సాయంత్రం మళ్లీ పిలవాలి. మాటలన్నీ హిందీలో, పని వరకే. సొంత భాషలో కబుర్లు నిషేధం.

ఒకరోజు సెట్టు మొరాయించింది. నాలో నేను విసుక్కున్నాను. "గిదేం సెట్రా నాయనా, పొద్దుగాల్నే సతాయిస్తది." మాట్లాడే స్విచ్ నొక్కే ఉంది, చూసుకోలేదు. అన్నిటికన్నా పైనున్న పోస్టు నుంచి గొంతు వచ్చింది.

"ఎవలన్నా అది? మన దిక్కోళ్లేనా?"

"మాది వెలిమెల. నువ్వు?"

"జోగిపేట దిక్కు. సంగారెడ్డి కెళ్లి పోతె మంజీర దాటినంక ఫస్టు ఊరు మాది. ఈడ వంట నాదే."

అట్లా పరిచయమయ్యాడు కుక్. మొహం చూడలేదు, గొంతొక్కటే. ఆ పోస్టులో ఉన్న పదిమందికీ వాడే వండి పెట్టాలి. మంచు కరిగిస్తే నీళ్లు, డబ్బా తెరిస్తే కూర. నేను వాడికన్నా రెండేళ్లు పెద్ద. అన్నా అనేవాడు, వెంటనే ఆటపట్టించేవాడు. సాయంత్రం పిలుపు అయ్యాక రెండు నిమిషాలు దొంగతనంగా మాట్లాడుకునేవాళ్లం.

హెలికాప్టర్ నడిపే కెప్టెన్ సారుది మా పక్క బంకరే. ఉత్తరాది మనిషి, ఎవరితోనూ పెద్దగా కలవడు. సెలవు నుంచి వస్తూ ఒక కంప్యూటర్ పట్టుకొచ్చాడు. ఇంత ఎత్తులో ఇది పనిచేయదని దాంతో వచ్చిన కాగితం మీదే రాసి ఉందట. బుఖారీ పక్కన, అంటే కిరోసిన్ పొయ్యి పక్కన, దుప్పటి కప్పి ఉంచితే జనరేటర్ ఉన్నంతసేపూ పనిచేసేది. అందులో విమానం నడిపే ఆట ఒకటి. వాతావరణం బాగోలేని రోజు సారు హెలికాప్టర్ ఎక్కలేడు, ఆ పెట్టె ముందు కూర్చుని ఎగిరేవాడు. ఇదేం పిచ్చిరా బాబూ అనుకున్నాను.

జనరేటర్ కరెంటు ఉంటుందని సెట్టు రిపేరుకు సారు బంకర్‌కు వెళితే, మీ ఊరెక్కడ అని అడిగాడు. హైదరాబాద్ పక్కన అన్నాను. బేగంపేట రన్‌వే మీద ఆటలో విమానం పెట్టి లేపాడు. పడమరకు తిప్పాడు. రన్‌వే దాటాక ఏమీ లేదు. పచ్చటి గుడ్డ పరిచినట్టు నేల, ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ అతికించినట్టు పొలాలు. రోడ్డు లేదు, పటాన్‌చెరు లేదు, మంజీరా లేదు. నాకు నిజంగానే కోపం వచ్చింది.

"మా జిల్లా మొత్తం మింగేశారు సార్," అన్నాను.

సారు నవ్వలేదు. కింద గుర్తుపట్టడానికి ఒకటుండాలి, లేకపోతే ఎంత ఎత్తులో ఉన్నామో, ఎంత వేగంగా పోతున్నామో తెలియదు అన్నాడు. మంచు మీద ఎగిరేవాడికి రోజూ ఉండే బాధ అదేనట. అందుకే పై పోస్టుల్లో హెలికాప్టర్ దిగే చోట మంచు మీద మసి, వాడేసిన టీ ఆకు చల్లుతారు. ఆ నల్ల మరకలు చూసి దిగుతారు. పై పోస్టులో ఆ పని కుక్‌దే. మంచు కురిసినప్పుడల్లా మళ్లీ చల్లాలి.

ఆటలోకి ఎవరి ఊరు వాళ్లు కట్టి పెట్టుకునే చిన్న ప్రోగ్రాం సారు దగ్గర ఉంది. రోడ్డు గీయొచ్చు, నీళ్లు పోయొచ్చు, ఇళ్లు, చిమ్నీలు తెచ్చి నిలబెట్టొచ్చు. సారుకు ఆట కన్నా ఆ పని ఇష్టం. ఎగరలేని రోజల్లా నన్ను పిలిచేవాడు. నేను చెప్పేవాణ్ని, ఆయన గీసేవాడు. మియాపూర్, రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది. హైవే కుడివైపు లోపలికి సంగారెడ్డి. ఇప్పటి కంప్యూటర్లలో ఇల్లిల్లూ కనబడుతుందట. మాకు ఒక చిమ్నీ సరైన చోట నిలబెట్టడానికి ఒక సాయంత్రం పట్టేది.

నాకు గుర్తులేనివి కుక్‌ను అడిగేవాణ్ని. వాడు ఊరికే చెబుతాడా.

"నక్కవాగు ఏం రంగేసిండు మీ సారు?"

"నీలం."

"నీలమేందన్నా? గది నీలముండంగ మా తాత సూసిండేమో. ఫ్యాక్టరీల నీళ్లు గలిసి ఎర్రగైంది, ఎర్రగ ఏయుమను. ఇంకోటి, పటాన్‌చెరు దాటేటప్పుడు ముక్కు మూసుకోవాలె. అదెట్ల పెడ్తడట?"

సారుకు హిందీలో చెప్పాను. ఎర్ర నీళ్లు పెడితే నాకు రంగులే తెలియవనుకుంటారు అన్నాడు. కాసేపు ఆలోచించి ఇటుక రంగు పోశాడు. మా వాగు పైనుంచి అచ్చం అలాగే ఉంటుందని నాకు అనిపించింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఆ చలికాలం చివర గాలివాన లాంటి మంచు మొదలైంది. రెండో రోజు పొద్దున పై పోస్టు పిలుపుకు కుక్ పలకలేదు, అక్కడి నర్సింగ్ జవాను పలికాడు. కుక్ ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. దగ్గితే నురుగు వస్తోంది. కిందికి దించాలి. మోసుకొచ్చే దారి మీద మంచు విరిగి పడుతోంది. హెలికాప్టర్ తప్ప మార్గం లేదు. బయట చేయి చాస్తే వేళ్లు కనబడటం లేదు.

"కూర్చోబెట్టి ఉంచాను," అన్నాడు నర్సింగ్ జవాను. "కళ్లు మూస్తున్నాడు. నిద్రపోతే ఊపిరి మరీ తగ్గిపోతోంది. నువ్వు మాట్లాడించు. మీ భాషలోనే మాట్లాడు."

తిన్నావా అని అడిగాను, సిగ్గేసింది. సంగతి విని వచ్చిన కెప్టెన్ సారు నా భుజం తట్టి సెట్టు తన బంకర్‌లోకి తెమ్మన్నాడు. కంప్యూటర్ తెరిచాడు. బేగంపేట నుంచి విమానం లేపాడు. కనబడేది కనబడినట్టు చెప్పమన్నాడు.

"తమ్మీ, ఇంటికి పోతున్నం. మియాపూర్ వచ్చింది."

"ఊఁ."

"పటాన్‌చెరు చిమ్నీలు."

"ఊఁ."

"ఇస్నాపూర్."

ఈసారి ఊఁ కూడా సరిగా రాలేదు. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. జోల పాడుతున్నట్టయింది నా పని. కంగారులో నోరు జారింది. రుద్రారం వదిలేసి కంది అన్నాను.

"ఏయ్. రుద్రారం యాడ వాయె?"

గొంతు మారింది. నర్సింగ్ జవాను సెట్టు అందుకుని, వాడు కళ్లు తెరిచాడు, ఇప్పుడేమన్నావో మళ్లీ అదే అను అన్నాడు. సారుకు చెప్పాను. సారు ఒక్క క్షణం తెర వైపు చూశాడు. నెలల తరబడి కొలిచి కొలిచి పెట్టినవన్నీ అవి. మౌస్ పట్టుకుని, ఏది ముందు చెడగొడదాం అని అడిగాడు.

చెడగొట్టాం. సంగారెడ్డిని హైవేకు ఎడమ పక్కకు ఈడ్చేశాం. నక్కవాగుకు మళ్లీ నీలం పోశాం. సారు ప్రోగ్రాంలో సముద్రం ఒడ్డున పెట్టే దీపస్తంభం ఒకటి ఉంటే దాన్ని తెచ్చి జోగిపేట అంగడి మధ్యలో నాటాడు. ప్రతిదీ సెట్టు మీద చదివాను. ప్రతిదానికీ తిట్లు పడ్డాయి.

"జోగిపేట అంగట్ల లైట్‌హౌస్ ఏందిరా? సముద్రమొచ్చిందా? మీ సారుకు గిట్ల పిచ్చి లేసిందా?"

రా అనడం అదే మొదటిసారి. నవ్వాడు కూడా. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గు ఆగేదాకా మేమిద్దరం సెట్టు వైపు చూస్తూ కూర్చున్నాం. ఆ తర్వాత వాడి ఊరినే తీసి మంజీరాకు ఇవతల పెట్టాం. అది విని ఊరుకుంటాడా.

"నది దాటకుంట మా ఊరెట్లొస్తదన్నా? గది మా అత్తగారి ఊరు. నీకు తొవ్వ తెల్వకుంటె నన్నడుగు, ఊకె ఎక్కడవడితె అక్కడ దింపకు."

చీకటి పడేదాకా అట్లా నడిచింది. తర్వాత నర్సింగ్ జవాను చూసుకున్నాడు, నన్ను పడుకోమన్నారు, పడుకోలేదు. తెల్లారి చూస్తే ఆకాశం ఇంకా పాలలాగే ఉంది. పైన ఆక్సిజన్ ఆఖరి సిలిండర్ పెట్టారట. మళ్లీ బేగంపేట నుంచి లేచాం. తప్పులన్నీ వరసగా చదివాను. ఎడమ పక్క సంగారెడ్డికి, ఆగండ్రా అన్నట్టు ఏదో గొణిగాడు. దీపస్తంభానికి ఏమీ అనలేదు.

"తమ్మీ, మీ ఊరొచ్చింది. మంజీర ఇంకా ముంగటనే ఉంది. దాటలె."

సెట్టులో బుసబుస. గట్టిగా తిట్టాలని దేవుణ్ని మొక్కుకున్నాను. నన్ను, మా అమ్మను, ఎవరినైనా సరే.

"ఉండనీ అన్నా," అన్నాడు. "జల్దీ వచ్చినం గదా."

సారుకు తెలుగు రాదు. నా మొహం చూసి ఏమన్నాడని అడిగాడు.

"సరే అన్నాడు సార్. ఊరు అక్కడే ఉండనీ అన్నాడు."

సారు లేచాడు. హెల్మెట్ తీసుకున్నాడు. ఆ మబ్బులో లేవకూడదు, అది రూలు. ఎవరూ ఆపలేదు. నేను పై పోస్టుకు చెప్పాను, వస్తున్నాడు, దిగే చోటు నల్లగా చేయండి అని. మసి, టీ ఆకు, కాల్చిన అట్టపెట్టెలు, చేతికి దొరికినవన్నీ చల్లారట. సారు దిగాడు. వాణ్ని ఎక్కించుకున్నాడు. గంట దాటాక చప్పుడు వినబడింది, పరుగెత్తకూడదన్న ఆర్డరు మరిచి పరుగెత్తాను.

బేస్ డాక్టర్ సారు మోకాళ్ల మీద కూర్చుని మెడ దగ్గర వేళ్లు పెట్టాడు. చాలాసేపు తీయలేదు. తర్వాత లేచి నిలబడ్డాడు. కుక్ మొహం నేను చూడటం అదే మొదలు. గడ్డం సరిగా రాని మనిషి. గొంతును బట్టి ఇంకాస్త ముదురు మొహం అనుకున్నాను.

కెప్టెన్ సారు హెలికాప్టర్ మెట్టు మీదే కూర్చున్నాడు. "దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నాను," అన్నాడు. "మీ ఊళ్ల పేర్లన్నీ నాకు నోటికొచ్చు కదా. తప్పు వరసలో చెప్పాను. తిట్టలేదు." నేను బయల్దేరేదాకా ఆ కంప్యూటర్ మీద దుప్పటి తీయలేదు.

వాడి శవపెట్టెతో పాటు నన్ను పంపారు. నా డ్యూటీ కాలం కూడా అంతటితో అయిపోయింది. బేగంపేటలో దిగి ఆర్మీ ట్రక్కు ఎక్కాం. డ్రైవర్ రాజస్థాన్ వాడు, దారి నన్ను చెప్పమన్నాడు. చెప్పే పని లేకపోయింది, అన్నీ వాటి చోట్లలో వాటి వరసలో వచ్చాయి. పటాన్‌చెరులో డ్రైవర్ ముక్కు మూసుకున్నాడు. రుద్రారం తర్వాతే కంది వచ్చింది. సంగారెడ్డి కుడి పక్కనే ఉంది. నాకు ఒళ్లంతా అలసటగా ఉంది, నిద్ర మాత్రం రాలేదు. వంతెన మీద ట్రక్కు నెమ్మదించింది. మంజీరాలో నీళ్లు తక్కువ, ఇసుక ఎక్కువ. దాటాం.

ఊళ్లోకి వెళ్లాక తెలిసింది, నాకు దారి తెలియదని. అంతసేపు అన్నిసార్లు పైనుంచి ఎగిరామే, ఆ ఊరి సందులు ఒక్కటీ గీయలేదు మేము. ట్రక్కు ఒక మలుపులో ఇరుక్కుంది. ఒక పక్క కరెంటు స్తంభం, ఒక పక్క పశువుల కుడితి తొట్టి. జనం చుట్టూ మూగారు, తలా ఒకటి చెబుతున్నారు. డ్రైవర్‌కు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. వెనక్కి తీస్తే గోడ, ముందుకు పోతే తొట్టి.

అప్పుడు కుక్ భార్య వచ్చింది. ఎవరో ఆడవాళ్లు పట్టుకోబోయారు, విడిపించుకుంది. ట్రక్కును చూసింది. స్తంభాన్ని చూసింది. కొంగు నడుముకు చెక్కి ట్రక్కు ముందుకు వచ్చి నిలబడింది. రెండు చేతులూ పైకెత్తి, ఇంటి వైపు వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ పిలవడం మొదలుపెట్టింది.

"రా. రా. జెర ఎడమకు. ఇంకా ఉంది, రా. భయపడకు, తాకదు. రా."

డ్రైవర్ ఆమె చేతులు చూసుకుంటూ నడిపాడు. నేను ట్రక్కులో పెట్టె పక్కన నిలబడి ఆమెనే చూస్తున్నాను. వాకిలి వచ్చింది. ఇగ ఆపు అంది. ట్రక్కు ఆగింది, ఇంజన్ కూడా ఆగింది. ఆమె మాత్రం చేతులు దించలేదు. రెండు చేతులూ అట్లాగే గాలిలో పెట్టుకుని, వచ్చిందా లేదా అన్నట్టు ట్రక్కు వైపు చూస్తూ నిలబడింది.