చెవి మేస్త్రి

బ్రేకులు కీచుమంటున్నాయని ఎవరైనా కారు తెస్తే, చెవి మేస్త్రి చేతిలో పానా పక్కన పెట్టి, డ్రైవరు పక్క సీట్లో కళ్లు మూసుకుని కూర్చుంటాడు. ముప్పై ఏళ్లుగా అదే పద్ధతి. ఒకప్పుడు మలుపులో ఆగిన బండి ఏ చక్రం దగ్గర అరిచిందో షెడ్డులోంచే చెప్పేవాడు. అసలు పేరు అందరూ మరిచిపోయి, చెవి మేస్త్రి అన్నదే మిగిలింది. ఇవాళ లెక్కల టీచరమ్మ వచ్చింది. వీధి చివరిదాకా పోనిచ్చి బ్రేకు తొక్కి, "విన్నారా?" అంది. "విన్నానమ్మా," అన్నాడు.

నిజానికి ఆయనకేమీ వినపడలేదు. సన్నటి చప్పుళ్లు ఆయన చెవికి అందడం మానేసి రెండేళ్లయింది. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. "మీకెటువైపు అనిపిస్తోంది, చెప్పండి చూద్దాం," అన్నాడు పరీక్ష పెడుతున్నట్టు. ఆమె నవ్వి, మళ్లీ తొక్కి, "ముందు, ఎడమవైపు," అంది. "అంతే," అన్నాడు. షెడ్డులో ఆ చక్రం విప్పి, బ్రేకు ప్యాడ్ మీద బొటనవేలు రాసి చూశాడు. దాన్ని కదలనిచ్చే పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోవడంతో ప్యాడ్ ఒకపక్కే అరిగిపోయింది. పిన్ను బాగుచేసి, కొత్త ప్యాడ్లు వేసి, మళ్లీ ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె మూడుసార్లు తొక్కి చూసింది. "మా ఆయన ఎక్కడో మిషను పెట్టి చూపిద్దామన్నారు. మీ చెవి ఉండగా మిషనెందుకన్నాను. చూడండి, పూర్తిగా పోయింది," అంది. ఇందాకటికీ ఇప్పటికీ ఆయనకు ఏ తేడా తెలియలేదు. "పోయిందమ్మా," అన్నాడు, ఆమె ముఖం చూసి.