ఆవిడ ఒప్పుకోదండీ

నాకు కాదనడం రాదు. ఇది మా నాన్న నుంచి వచ్చిన జబ్బు. ఆయన టెక్కలిలో గుమస్తా ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎవరికీ కాదని చెప్పలేక, పక్క సీటు వాళ్ళ ఫైళ్ళు కూడా ఇంటికి మోసుకొచ్చి మంచం మీద పరిచేవారు. అలాంటి మొహమాటం ఉన్న మనిషి డాన్స్ ట్రూప్ పెట్టకూడదు. పెట్టిందే అనుకోండి, కాదని చెప్పడానికి పక్కన ఇంకొకరు ఉండాలి. నాకు ఉంది. పదకొండేళ్ళ పాటు ఆమెను నేను ఎంత హాయిగా వాడుకున్నానో ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ఆమెది ఉద్దానంలో కొబ్బరీ జీడీ పండే పల్లె. టెక్కలి కాలేజీలో ఇద్దరిదీ ఒకే బెంచి. చిన్నప్పుడు ఎవరికి వాళ్ళం కొంత కూచిపూడి నేర్చుకుని, హైస్కూలుకి రాగానే ఇంట్లోవాళ్ళు మానిపించేసిన బాపతు. కాలేజీ వార్షికోత్సవంలో కలిసి ఒక జానపద నృత్యం చేశాం. తర్వాత పెళ్ళిళ్ళూ పిల్లలూ వచ్చి ఆ సంగతే మరిచిపోయాం. ముప్ఫై దాటాక ఒక పెళ్ళి భోజనాల బంతిలో పక్కపక్కన కూర్చున్నప్పుడు ఆమె ఉన్నట్టుండి, "మళ్ళీ ఆడదామేటే? పిల్లల్ని పోగేసి ఒక ట్రూప్ పెడదాం" అంది. నా నోట్లో గారె ఉంది. తలూపేశాను.

కాశీబుగ్గలో ఒక జీడిపప్పు దుకాణం పైఅంతస్తు మాకు హాలు. కిటికీ తెరిస్తే జీడిపిక్కలు వేగే వాసన, మూస్తే ఉక్క. పిల్లలు వాసనకే ఓటేస్తారు. బోర్డు మీద మా ఇద్దరి పేర్లలో మొదటి అక్షరాలు పెట్టాం. ఎవరి అక్షరం ముందుండాలని నేను వారం రోజులు మథనపడితే, ఆమె పెయింటర్‌కి నాది ముందు రాయమని చెప్పేసి టీ తాగడానికి వెళ్ళిపోయింది. ఆమె పద్ధతులన్నీ అంతే.

పనులు మాత్రం వాటంతటవే పంపకమైపోయాయి. అడుగులు కూర్చడం, పాట ఎక్కడ కత్తిరించాలో చూడడం, పిల్లల చేతులూ మోచేతులూ సరిచెయ్యడం ఆమె వంతు. మాట్లాడ్డం నా వంతు. ఉత్సవాల కమిటీలు, స్కూళ్ళ హెడ్మాస్టర్లు, టైలరు, వాన్ డ్రైవరు, అన్నిటికీ మించి పిల్లల తల్లులు. ఆమెకి నలుగురిలో నోరు పెగలదు. నాకు నోరు మూత పడదు. బయటి లోకానికి ఆమె మాట ఏదైనా నా నోటి మీదుగానే వెళ్ళాలి.

మొదటిసారి అది ఎలా జరిగిందో నాకు బాగా గుర్తు. ఒక ఊరి కమిటీ పెద్దమనిషి వచ్చి, చిన్నపిల్లల చేత ఒక నడుమూపుడు పాట చేయించమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన మా మావగారికి స్నేహితుడు, పైగా ఎదురుగా కూర్చుని నవ్వుతున్నాడు. "నాకైతే అభ్యంతరం లేదండీ, మా పార్ట్‌నరు ఉంది చూశారూ, ఆవిడ ఒప్పుకోదండీ" అనేశాను. ఆయన లేచి వెళ్ళిపోయాడు. తలుపు వేసి, ఇంత సుళువైన దారి ఇన్నేళ్ళు తెలియకపోయిందే అనుకున్నాను.

ఇక అక్కడి నుంచి ఆగలేదు. టైలరు కుట్టిన జాకెట్లు విప్పి కుట్టమని చెప్పాలంటే, ఆవిడకి నచ్చలేదు బాబూ. డొంకూరు నుంచి ఫోన్ చేసి మర్నాడే ప్రోగ్రాం కావాలంటే, ఆవిడ కుదరదంటోందండీ. ఆదివారం మా అత్తగారి తరఫు చుట్టాలు వస్తున్నారంటే, ఆవిడ రిహార్సల్ పెట్టేసింది అత్తయ్యా, ఏం చెయ్యను. ఆ ఆదివారాలు నేను హాల్లో ఒక్కదాన్నే ఫ్యాను కింద పడుకుని నిద్రపోయేదాన్ని. మా ఆయన ఆమెకి కలెక్టరని పేరు పెట్టాడు. ఈ కలెక్టరు నోట్లో నాలుక లేని మనిషి అని, మా ఇంటికొస్తే మంచినీళ్ళు అడగడానికి కూడా ఆలోచిస్తుందని ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు.

ఆమె మాత్రం ఎప్పుడూ నా మీదికి తోసింది లేదు. నేను తారీఖు మరిచిపోయి ఒకే రోజుకి రెండు ఊళ్ళకి మాటిచ్చినప్పుడు కూడా, ఆ ఊరివాళ్ళు మీద పడితే "మావల్ల పొరపాటైందండీ" అని తనే నిలబడింది. అప్పుడు మంచిదనుకున్నాను. ఆమె చేసిందీ నేను చేస్తున్నదీ పక్కపక్కన పెట్టి చూసుకునే తెలివి లేకపోయింది.

కొన్నేళ్ళకి ఫలితాలు కనపడసాగాయి. తల్లులు బూరెలూ అరిసెలూ నాకే తెచ్చేవాళ్ళు. ఆమె హాల్లోకి రాగానే కొత్తపిల్లలు గోడకి అతుక్కుపోయేవాళ్ళు. ఒకతె ఏకంగా ఏడ్చేసింది. ఆ రోజు ఆమె నన్ను పక్కకి పిలిచి, "నా మొకం అంత కోపంగా ఉంటాదేటే?" అని అడిగింది. నేను పకపకా నవ్వాను. తర్వాత కొన్నాళ్ళు ఆమె పిల్లలు రాకముందే వచ్చి, హాలు అద్దం ముందు నిలబడి నవ్వడం ప్రాక్టీసు చేసింది. మెట్ల మీద నుంచి అది చూసి కూడా నేను ఇంటికెళ్ళి మా ఆయనకి జోకులా చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

డాన్స్ ట్రూపులో అన్నిటికన్నా పెద్ద యుద్ధం ముందు వరస కోసం. ఏ తల్లికైనా తన పిల్ల ముందు వరసలోనే ఉండాలి. ఫోన్‌లో వీడియో తియ్యాలి, చుట్టాలకి పంపాలి. మా దగ్గర ఒక పన్నెండేళ్ళ పిల్ల ఉండేది. ఆ పిల్లది కూడా ఉద్దానమే. తాళం ఆ పిల్ల ఒంట్లో ఉంది. ఒక్క ఏడాదిలో చూస్తూండగానే జానెడు పొడుగు పెరిగింది. కోటబొమ్మాళిలో ప్రోగ్రాముకి నేను ఆ పిల్లని చివరి వరసలో వేశాను. నా భాగస్వామికి అది నచ్చలేదు.

"పొడుగైతే ఏటి? మిగతావోళ్ళందరూ దాన్ని సూసే అడుగేత్తారు. ముందుంచు" అంది.

"వెనకున్న చిన్నపిల్లలు ఒక్కళ్ళూ కనపడరే. తల్లులు నన్ను తినేత్తారు" అన్నాను.

కాసేపు వాదించుకున్నాం. చివరికి నా మాటే నెగ్గింది. మర్నాడు ఆ పిల్ల తల్లి వచ్చింది. మంచి మనిషి, అంతకు రెండు రోజుల ముందే మా ఇంటికి పనసపండు పంపింది. పనసపండు తిన్న నోటితో, మీ పిల్లని నేనే వెనక్కి వేశానని చెప్పడం నావల్ల కాలేదు. "నాదేటి లేదమ్మా, వరసలేసేది ఆవిడే. ముందుంచమని నేను సెప్పి సూసాను, వినలేదు" అన్నాను. అంటే జరిగినదాన్ని తిరగేసి చెప్పాను. ఆవిడ వెళ్ళిపోయింది. ఆ వారం నుంచి పిల్ల రావడం మానేసింది. పరీక్షలేమో అనుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. బారువ సముద్రం ఒడ్డున సాయంత్రం ప్రోగ్రాం ఒకటి ఒప్పుకున్నాం, దానికింకా మూడు వారాలుంది. ఒకరోజు నా భాగస్వామి కోటబొమ్మాళి బజారు నుంచి సరాసరి హాలుకి వచ్చింది. చేతిలో సంచీ కింద పెట్టలేదు. కూర్చోలేదు కూడా.

"ఆ పొడుగుపిల్ల వాళ్ళమ్మ కనపడింది. నేను ఎనక్కి నెట్టీసేనంట, నువ్వు ముందుంచమన్నా నేను వినలేదంట. నువ్వే సెప్పావంట."

నేను కిటికీ మూసే వంకతో లేచాను.

"ఇంకెంతమందికి ఇలగ సెప్పావు?"

లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. ఆమె నా ముఖం చూసి లెక్క తనే పూర్తి చేసుకున్నట్టుంది. అరుస్తుందేమోనని ఎదురుచూశాను. అరిస్తే నాకు బాగుండేది. ఆమె మెల్లగా, "బారువ ప్రోగ్రాం అయ్యాక నేను మానేత్తానే. నువ్వు నడుపుకో. పిల్లలు నన్ను సూసి ఎందుకు బయపడతారా అని ఇన్నేళ్ళు ఏడిసేను" అంది. అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆమె లేకపోతే ట్రూపు ఉండదని నాకు తెలుసు. నాకు ఒక్క అడుగు కూర్చడం రాదు. కానీ ఆ సాయంత్రం నా భయం ట్రూపు గురించి కాదు. బెంచి మీద పక్కన కూర్చున్న మనిషి లేచి వెళ్ళిపోతోంది. దానికి నాకు ఏ పార్ట్‌నరు మీదా నెపం పెట్టే వీలు లేదు.

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి ఆ పిల్ల ఊరు వెళ్ళాను. కొన్నేళ్ళ కిందట తుఫానుకి కూలిన కొబ్బరిచెట్ల చోట నాటిన మొక్కలు అప్పుడప్పుడే కాపుకి వస్తున్నాయి. తల్లి పెరట్లో గునపానికి కొబ్బరికాయలు గుచ్చి పీచు ఒలుస్తోంది. నన్ను చూసి నవ్వి, పీట వాల్చి, మజ్జిగ తెస్తానంది. ఆ మజ్జిగ తాగితే మళ్ళీ చెప్పలేనని నాకు తెలుసు. నిలబడే ఉండి గబగబా అంతా చెప్పేశాను. వెనక్కి వేసింది నేను, ముందుంచమని పోట్లాడింది ఆవిడ, నేను అబద్ధమాడాను.

ఆవిడ చేతిలో కాయ కింద పడేసింది.

"ఓలమ్మ! పొడుగున్నాది, ఎనక నిలబెడతానని ఆరోజే సెప్తే నాను కాదంతానేటి? బజారు నడిమిన ఆ తల్లిని నోటికొచ్చినట్టు తిట్టీసేనే! ఆవిడేటన్నాదో తెలుసా? తప్పు నాదేనమ్మా, మీ పాపని పంపండి, నాను ముందు నిలబెడతాను అని నా సేతులట్టుకున్నాది. నీ మీద ఈగ వాలనీలేదు. అలాటి మనిషిని పట్టుకుని నువ్వు..."

తర్వాత నన్ను కడిగి పారేసింది. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు. నేను తల వంచుకుని విన్నాను కానీ, నిజానికి సగం నా చెవికెక్కలేదు. ముందురోజు హాల్లో నిలబడి నన్ను అడిగినప్పుడు ఆమె ఈ ముక్క చెప్పనేలేదు.

తిట్లు సద్దుమణిగాక గుమ్మంలో పిల్ల కనపడింది. ఇంకొంచెం పెరిగింది. ఈసారి ముందు వరసలోనే పెడతానమ్మా, వచ్చెయ్ అన్నాను.

"ఎనకైతే ఏటి టీచర్? ముందుంటే అందరూ సూత్తారని నాకే బయం."

"మరెందుకు మానేశావు?"

ఆ పిల్ల గుమ్మం చెక్క గోకుతూ అంది: "ఆ టీచర్ రోజూ నా అడుగు బాగుందనేవారు. ఆవిడే నన్ను ఎనక్కి పంపేసేరని అమ్మ సెప్పింది. అయితే నా అడుగు బాగోదు కావాల, ఉత్తినే అన్నారు కావాల అనుకున్నాను. ఇంక ఇంట్లో కూడా ఆడలేదు."

నేనన్నది ఒకే ఒక్క అబద్ధమని, అది కూడా పనసపండు మొహమాటానికి అన్నదని అప్పటిదాకా నన్ను నేను ఊరడించుకుంటూ ఉన్నాను. పన్నెండేళ్ళ పిల్ల రెండు నెలలు కాలు కదపకుండా కూర్చుందని విన్నాక ఇక ఊరడింపు ఏమీ మిగల్లేదు. ఆ గుమ్మంలోనే ఏడ్చేశాను. తల్లి మజ్జిగ తెచ్చి, పిల్లని రేపు నాలుగింటికి పంపుతానంది.

తిరుగు ఆటోలో తల్లులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో రాశాను. ఇన్నాళ్ళూ ఆవిడ ఒప్పుకోలేదని నేను చెప్పినవన్నీ నా నిర్ణయాలేనని, ఆవిడకి వాటితో సంబంధం లేదని, అందరూ నన్ను క్షమించాలని. పది నిమిషాల్లో నాలుగు నమస్కారం బొమ్మలు వచ్చాయి. ఐదో ఆవిడ, రేపు క్లాసు ఉందా మేడం అని అడిగింది.

హాల్లో నా భాగస్వామి ఒక్కతే పాట పెట్టుకుని అడుగులు లెక్కపెడుతోంది. పాట ఆపి, పిల్ల అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. ఆమె గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"నా మాట ఉత్తిదనుకుందేటే ఆ గుంట? రెండు నెల్లు అలగే ఉందేటి?" అని చీర చెంగుతో ముఖం కప్పుకుంది. నన్ను క్షమించవే అన్నాను. ఆమె చెంగు తీసి, "ఎప్పుడు వత్తానన్నాది?" అంది.

"రేపు నాలుగింటికి."

"నేనుంటాను." లేచి చెంగు దోపుకుంటూ, "నీ కోసం కాదు" అంది.

తెలుసన్నాను. మానేస్తానన్న మాట ఆమె వెనక్కి తీసుకోలేదు, మళ్ళీ ఎత్తనూ లేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

మర్నాడు మూడున్నరకే హాలుకి వెళ్ళాను. ఆమె నాకన్నా ముందే వచ్చి, మెట్లవైపు ముఖం పెట్టి నేల మీద కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడు విని ఆమె ముఖం ఒక్కసారి వెలిగింది. వచ్చింది నేనేనని చూసి మళ్ళీ మామూలైపోయింది. చెప్పులు విప్పి, పక్కన కూర్చోడానికి ముఖం చెల్లక కొంచెం ఎడంగా కూర్చుని, నేను కూడా మెట్లవైపే చూడసాగాను.