రాస్ అల్ ఖైమాలో వెనకగది వాళ్లు మెస్సు విడిచిన శుక్రవారం

2020 డిసెంబరు. బర్ దుబాయ్‌లో నేను పనిచేసే బట్టల కొట్టు టీవీలో పొద్దస్తమానం ఒకటే వార్త: బ్రిటన్ వాళ్లు ఐరోపా యూనియన్‌లోంచి బయటపడ్డారు గానీ, ఇకమీదట వ్యాపారం ఎలా సాగాలో ఒప్పందం కుదరడం లేదు. ఓటేసి నాలుగేళ్లు దాటింది. నేను ఎనిమిదో తరగతితో చదువుకు ఖలాస్ చెప్పినవాణ్ని. గది ఖాళీ చేయాలంటే నాకు గంట చాలు. అంత చదువుకున్న దేశానికి నాలుగేళ్లు ఎందుకు పట్టిందో నా బుర్రకెక్కలేదు. రాస్ అల్ ఖైమాలో క్వారీ పని చేసే మా నెల్లూరు మస్తాన్ బావతో ఫోన్లో అదే అన్నాను. వాళ్ల అద్దె ఇంట్లో ముందుగదిలో ఆరుగురు, వెనకగదిలో బావతో కలిపి ఏడుగురు, అందరికీ ఒకటే మెస్సు. వండేది ముందుగది సూరిబాబు. ఆయనదీ క్వారీ పనే, ఊరు కోనసీమ. అన్ని కూరల్లోనూ బెల్లం వేస్తున్నాడని బావ గొణుగుతుంటే, “మీ వెనకగది వాళ్లు కూడా చేతులెత్తి ఓటేసుకుని బయటికి పోండి” అన్నాను. వేళాకోళానికే అన్నాను. వారం తిరక్కుండా సూరిబాబు ఫోను. “నాలుగు చేతులు పోదామని, మూడు చేతులు ఉండిపోదామనండి. పదకొండేళ్లు ఒకే డేగిసాలో తిన్నోళ్లం. మస్తాన్‌గారు నాతో మాట్టాడ్డం మానేశారండి.” అగ్గిపుల్ల గీసిన చెయ్యి నాదే. శుక్రవారం బయల్దేరాను.

కరోనా రోజులు కాబట్టి బస్సు ఎక్కలేదు. మా కొట్టు నుంచి రాస్ అల్ ఖైమాకు గుడ్డల బేళ్లు తీసుకెళ్లే వ్యాన్‌లో పొద్దున ఏడింటికి ముందు సీట్లో కూర్చున్నాను. ఖర్చల్లా దారిలో రెండు కరక్ చాయ్‌లు, రెండు దిర్హాములు. 311 రోడ్డు పట్టుకుంటే షార్జా దగ్గర రద్దీ తప్ప అంతా సాఫీ, గంటన్నరలో చేరిపోతాం. డ్రైవర్ గుల్ ఖాన్ పెషావర్ వైపు పఠాన్, ఒకప్పుడు ఒక ఇంగ్లీషు ముదీర్‌కి అంటే కంపెనీ మేనేజరుకి కారు నడిపినవాడు. మా మాటలన్నీ హిందీలోనే. నా సందేహం ఆయన ముందు పెట్టాను.

“పోవడం కష్టం కాదు భాయ్, పోయాక తలుపు ఎక్కడ పెట్టాలన్నదే కష్టం,” అన్నాడు. “వాళ్ల పక్కన ఒక దీవి ఉంది. అందులో ఒక ముక్క వీళ్లది, మిగతాది యూనియన్‌లో ఉన్న వేరే దేశం. మధ్యలో గేటు పెడితే అక్కడి పాత కొట్లాటల నెత్తురు గుర్తొస్తుంది. పెట్టకపోతే బయటికి పోయినట్టే కాదు. మా సాబ్ ఈ మాట చెప్పి తల పట్టుకునేవాడు.”

“మరి పోదామన్న నాయకుడు ఇది ముందే చెప్పలేదా?”

“చెబితే ఓటెవడేస్తాడు?” అని గేరు మార్చాడు.

తొమ్మిదింటికి చేపల మార్కెట్ దగ్గర దిగాను. సూరిబాబు మాస్కు గడ్డం కిందికి లాగి, వంజరం బల్ల ముందు నిలబడి ఉన్నాడు. చేప ఎత్తుతాడు, పెడతాడు. అమ్మే మలబారీ విసుగ్గా చూస్తున్నాడు.

“ఏమైంది సూరిబాబూ?”

“పదమూడు మందికి కొనడం అలవాటండి. ఆరుగురికి ఎంత చేప కావాలో నా చేతికి తెలీట్లేదు,” అన్నాడు. చివరికి ఎప్పుడూ కొనేంత చేపే కొన్నాడు. సంచీ నేనందుకున్నాను, ఇద్దరం ఇంటికి నడిచాం.

జుమ్మా నమాజు అయ్యాక పంచాయితీ మొదలైంది. పొయ్యి ముందుగది పక్కన, ఫ్రిజ్ వెనకగదిలో. మధ్యలో ఒకే తలుపు. తలుపు మూసేస్తే ముందుగది వాళ్లకి పాలు లేవు, వెనకగది వాళ్లకి నిప్పు లేదు. తెరిచి ఉంచితే ఇక విడిపోయిందేమిటి? గుల్ ఖాన్ చెప్పిన దీవి నా కళ్ల ముందే, మాసిపోయిన లినోలియం నేల మీద పరిచినట్టుంది. గంటసేపు వాదించుకుని పొయ్యికి వేళలు పంచుకున్నారు. గ్రైండర్ ముందుగదికి వెళ్లింది. అన్నీ తేలాక బావ గొంతు సవరించుకున్నాడు.

“శుక్రవారం చేపల పులుసు మాత్రం మాకూ రావాల.”

“బయటికెళ్లినోళ్లకి పులుసేటండి?” అన్నాడు సూరిబాబు.

“బెల్లం వద్దన్నాంగానీ చేప వద్దన్నామా?”

టీవీలో ఆ దేశాలకు మిగిలిన పేచీల్లోనూ సముద్రంలో చేపలెవరు పట్టాలన్నదొకటి. నాకు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. “బావా, ఆ ఓటు మాట నేను ఎగతాళికి అన్నాను. వదిలెయ్ సామీ,” అన్నాను.

బావ నావైపు తిరిగాడు. “నీకేందబ్బా, నోటితో అన్యావు. నన్ను నమ్మి ముగ్గురు చెయ్యెత్తినారు. ఇప్పుడు దించండ్రా అంటే నా మొహం యాడ పెట్టుకునేది?” ఆయన కళ్లల్లో కోపం లేదు. ఇరుక్కున్న మనిషి చూపు అది.

సూరిబాబు లేచి పళ్లెం తీసి, “అన్నగారు ఈవేళ ఏ గదికి చుట్టమండి?” అని నన్నడిగాడు.

“వెనకగదికి.”

“చుట్టానికి కొలిచి పెట్టకూడదండి,” అంటూ పళ్లెం పక్కన పెట్టేశాడు. సగం పులుసు గిన్నెలోకి వంపి, ఎనిమిది ముక్కలు వేసి నా చేతికిచ్చాడు. ఆ గిన్నెతో నేను తలుపు దాటాను. వెనకగదిలో ఎనిమిది మందిమి కూర్చుని తిన్నాం. ఎవరూ దాన్ని మెస్సు అనలేదు. బావ రెండో ముద్ద మింగి, పక్కగదికి వినపడేట్టు, “ఈవేళ బెల్లం తగ్గించినాడే,” అన్నాడు. “వెయ్యలేదండి,” అని అవతల నుంచి జవాబొచ్చింది. పది రోజుల్లో వాళ్లు పేచీ లేకుండా మాట్లాడుకున్న మొదటి మాటలు అవే.

క్రిస్మస్ ముందురోజు ఆ దేశాల ఒప్పందమూ కుదిరింది. చేపల సంగతి కొన్నేళ్లాగి మళ్లీ మాట్లాడుకుందామని రాసుకున్నారట. నా సందేహం సగమే తీరింది. చెయ్యెత్తడానికి నిమిషం పడుతుంది. ఎత్తిన చెయ్యిని పరువు పోకుండా దించడానికే ఏళ్లు పడుతుందని మాత్రం అర్థమైంది. బావ ఈనాటికీ మెస్సులో చేరలేదు, చేరడు. ప్రతి శుక్రవారం వెనకగదికి ఒక చుట్టం కావాలి, అంతే. మా కొట్టులో వాళ్లం వంతులేసుకుని వెళ్లొస్తున్నాం.

మీరు వెళ్లదలిస్తే దుబాయ్ యూనియన్ మెట్రో స్టేషన్ దగ్గర రాస్ అల్ ఖైమా బస్సు ఎక్కండి, ముప్పై దిర్హాములు దగ్గర పెట్టుకుంటే చాలు. ఇలాంటి ఇంటికి చుట్టంగా పిలిచినప్పుడు మాత్రం, ఏ గదికి చుట్టమో గుమ్మంలోనే చెప్పండి, గిన్నె పెద్దది పట్టుకెళ్లండి.