కాగితం వెనక కూడా చూడమన్న బాబాయి

పక్క క్వార్టర్ బాబాయి పోయారన్న కబురు నాకు ఫోన్లో అందింది. చెప్పింది క్యాంటీన్ అక్క.

"అన్న పోయిండు తమ్మీ. పొద్దుగాల ఆరింటికి. ఇంట్లనే. నిన్న డాక్టర్ వచ్చి చూసి, ఇగ రెండు రోజులే అన్నడు. ఆ మాట అన్నకు గూడ చెప్పిన. ఆగు, ఇంకుంది. పదకొండింటికి తీస్కపోతరు."

విలేఖరిగా ఎన్నో చావు కబుర్లు ఫోన్లో విని రాసుకున్నాను. ఇంత వరసగా, ఏదీ వదలకుండా చెప్పినవాళ్ళు తక్కువ. ఆ గుణం చూసే బాబాయి ఆమెను ఎంచుకున్నారు. నన్ను కాదన్నారు. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

దంతెవాడ దాటాక, ఇనుప ఖనిజం తవ్వే కొండ కింద కట్టిన టౌన్‌షిప్‌లో మావి గోడ కలిసిన క్వార్టర్లు. ఆయనది విజయనగరం వైపు పల్లె. పని కోసం రైలెక్కి వచ్చి, డంపర్లకు కరెంటు పని చేసే మెకానిక్‌గా కుదిరారు. ఎన్నేళ్ళున్నా ఆ యాస పోలేదు. పిల్లలు లేరు. పిన్ని జబ్బు చేసి ముందే పోయింది. ఒకరోజు వర్క్‌షాపులో బ్యాటరీ పేలి యాసిడ్ మొహం మీద పడింది. రెండు కళ్ళూ పోయాయి. అప్పటికి ఆయనకు నలభై దాటలేదు.

చూపు పోయిన కార్మికుడికి నెలనెలా కొంత సహాయం మంజూరైంది. మందులకు, తోడు మనిషికి, ప్రయాణాలకు. సొమ్ము ఆయన పేరనే పడుతుంది గానీ, సంతకాలు పెట్టి దాన్ని నడిపే మనిషి పేరొకటి నెలలోగా రాసివ్వమని దంతెవాడ ఆఫీసు అడిగింది.

చూసేవాళ్ళకు అదొక చిన్న కాగితం పని. ఆయనకు కాదు. వెనక వీధిలో నడుం విరిగి మంచాన పడ్డ డ్రిల్లర్ ఒకడుండేవాడు. అతని సహాయం బావమరిది చేతిలో ఉండేది. ఆ బావమరిది ఏమీ తినేయలేదు, నేను విచారించాను. కాకపోతే ఏది అడిగినా "నీకెందుకు బావా, మేం చూసుకుంటాం కదా" అనేవాడు. మంచం ఏ గదిలో వెయ్యాలో కూడా డ్రిల్లర్‌ను అడగలేదు. బాబాయికి ఆ మాటంటే భయం.

"నన్నెవులూ సూసుకోనక్కర్లేదు. ఏటి జరుగుతందో సెప్తే సాలు, మిగతాది నేను సూసుకుంతాను" అనేవారు.

పోటీ పడ్డవాళ్ళం ముగ్గురం. విజయనగరం నుంచి వచ్చిన అన్నకొడుకు, యూనియన్ నాయకుడు, నేను. నేనప్పుడే పత్రికకు వార్తలు పంపడం మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం ఆయనకు పేపరు చదివి వినిపించేవాణ్ణి. నా పేరే రాస్తారని నాకు నమ్మకం.

ఆయన ఒక్కొక్కరినీ విడిగా పిలిచి మెడికల్ బోర్డు రిపోర్టు చేతికిచ్చి చదవమన్నారు. హిందీలో ఒక పేజీ. అన్నకొడుకు కళ్ళు తుడుచుకుని, "నిదానంగా సూపొస్తాదని రాసేరు సిన్నాన్నా" అన్నాడు. యూనియన్ నాయకుడు పైనుంచి కిందికి ఒక చూపు చూసి, "ఏం లేదు, అంతా మామూలే, మేం చూసుకుంటాం" అన్నాడు. నేను మాత్రం పై నుంచి వరసగా చదివాను. చివర్లో ఒక వాక్యం ఉంది: ఇక ఏ వైద్యంతోనూ చూపు తిరిగి వచ్చే అవకాశం లేదు. అది వదిలేసి కింద సంతకాలు చదివాను.

"అంతేనా?" అన్నారు.

"అంతే బాబాయ్."

"ఎనక సూసేవా?"

కాగితం తిప్పాను. ఖాళీగా ఉంది. ఆ మాటే చెప్పాను.

"ఒరే బాబూ, ముందు పక్క ఓ లైను మింగేసేవు. ఆస్పత్రి కాంపౌండరు సేత ఇది మూడుసార్లు సదివించుకున్నాను. నాకు కంఠతా వచ్చు."

ఆయనకేమీ కోపం లేదు.

"నువ్వు మంచోడివిరా. అందుకే నీ పేరు రాయను. రేపు ఇంకో కాయితం వస్తాది. అది కూడా నా మంచికే మింగేస్తావు. అప్పుడు కళ్ళతో పాటు నాకు సెవులూ పోయినట్టే."

క్యాంటీన్ అక్క పేరు మాలో ఎవరికీ తట్టలేదు. సుక్మా దాటాక తెలంగాణ సరిహద్దు పల్లె ఆమెది. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిది దాకా చదివి, వర్క్‌షాపు క్యాంటీన్లో వడ్డించేది. "ఇయ్యాల పప్పు మాడింది, పెరుగు పోస్కోండ్రి" అని వడ్డిస్తూ చెప్పేసేది. కాంట్రాక్టరు రెండుసార్లు తిట్టాడు. మూడోసారీ చెప్పింది. బాబాయికి గుర్తున్నది అది.

ఆమెను పిలిపించి అదే రిపోర్టు చేతికిచ్చారు. ఆమె వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఆ వాక్యం దగ్గర ఆగింది. తర్వాత అదీ చదివి, "అన్నా, చూపు ఇగ రాదట. గిట్లనే రాసి ఉంది" అంది. ఆయన ఏదో అనబోతుంటే, "ఆగన్నా, ఇంకుంది" అని సంతకాలు, స్టాంపు, అంచున అచ్చువేసిన ఫారం నంబరు కూడా చదివింది. ఎవరూ అడక్కముందే తిప్పి చూసి, "ఎనుక ఏం లేదు" అంది.

అన్నకొడుకు ఊరుకోలేదు. "పప్పు వడ్డించేదాని సేతిలో సొమ్ము పెడతావేటి సిన్నాన్నా?"

"పప్పుల నీళ్ళెక్కువైతే చెప్పేదాన్ని నేనే గదా" అందామె. తర్వాత బాబాయి వైపు తిరిగి, "నాకెందుకన్నా ఈ లొల్లి?" అని కూడా అంది. ఒప్పుకోవడానికి వారం పట్టింది.

వాళ్ళిద్దరినీ దంతెవాడకు నేనే తీసుకెళ్ళాను. గుమాస్తా బంధుత్వం గడి దగ్గర ఆగి, ఈమె ఏమవుతుందని హిందీలో అడిగాడు. "పఢ్‌నేవాలీ," అన్నారు బాబాయి, చదివి పెట్టే మనిషి అని. అలాంటి బంధుత్వం లేదన్నాడు గుమాస్తా. చివరికి 'పరిచయస్థురాలు' అని రాశాడు. తిరుగు జీపులో ఆయన దానికి చాలాసేపు నవ్వారు.

వాళ్ళిద్దరికీ గొడవలు లేవని కాదు. ఒకసారి గీదం బజారులో ఖరీదైన రేడియో ఒకటి ఆయన చేతికి నచ్చింది. "ఇది కొంటే ఈ నెల జీపుకు పైసలుండయ్. చెప్పిన. కొనాల్నో వద్దో నువ్వే చెప్పు" అందామె. ఆయన కొన్నారు. ఆ నెలంతా ఆస్పత్రికి ఆమె భుజం పట్టుకుని నడిచారు. "చెప్పిన గదా" అని ఆమె ఒక్కసారీ అనలేదు. మా అమ్మ అడిగితే, "ఆయన కాళ్ళు, ఆయన రేడియో" అంది.

బాబాయి ఇంటిపని తనే చేసుకునేవారు. గ్లాసు అంచున వేలు పెట్టి టీ పోసుకునేవారు. గని సైరన్ ఒక నిమిషం ఆలస్యమైతే పసిగట్టేవారు. టౌన్‌షిప్‌లో చెడిన రేడియోలు చేత్తో తడిమి బాగుచేసేవారు. నేను రాసిన వార్తలు కూడా ఆమె చేతే చదివించుకునేవారు. "ఇక్కడ నువ్వు సూసిందెంత, అనుకున్నదెంత?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు జవాబు లేక కొట్టేసిన వాక్యాలు చాలా ఉన్నాయి.

చివరి జబ్బుకు జగదల్‌పూర్‌లో పరీక్షలు చేయించారు. రోగికి చెప్పవద్దని డాక్టరు, విశాఖ తీసుకుపోదామని అన్నకొడుకు. అక్క రిపోర్టు పట్టుకుని మంచం పక్కన కూర్చుని పైనుంచి చదవసాగింది. డాక్టరు కేకలేశాడు. ఆమె తలవంచుకుని తిట్లన్నీ తిని, మిగిలిన రెండు వరసలూ చదివింది.

"అంతేనా?"

"అంతేనన్నా."

"అయితే ఇశాపట్నం వొద్దు. ఇంటికెల్పోదాం. ఆ మంచం కిటికీ పక్కనెయ్యండి, సైరన్ ఇనబడతాది."

అక్కడే వేశారు. పద్దెనిమిది రోజులున్నారు.

కర్మలు అయ్యాక మళ్ళీ ఆయన క్వార్టర్‌కు వెళ్ళాను. అక్క మరణ ధ్రువపత్రం తెచ్చింది. సహాయం ఆపేయమని ఆఫీసుకు రాసివ్వాలి, ఆ పనీ ఆమెదే. వరండాలో కూర్చుని, వేలు పెట్టి, పైకే చదివింది. పేరు, తండ్రి పేరు, ఊరు, స్టాంపు, ఫారం నంబరు. ఇప్పుడు వేగంగానే చదవగలదు గానీ, నిదానంగా చదివింది. చదవడం అయ్యాక ఆగింది. లోపల కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంది. "అంతేనా?" అని అడిగేవాళ్ళు లేరు.

కాగితం తిప్పింది.

"ఎనుక ఏం లేదు," అంది.