మరక లేని తెల్లగుర్రం

గుర్రపుస్వారీ నేర్పే ఆ బడిలో అందరికీ ఆమె వదిన. అక్కడ పదకొండు గుర్రాలను సాకిన ఆమె భర్తను అన్నా అని పిలిచేవారు. ఏడు నెలల కిందట ఆయన పోయాక ఆయన పార, ఆయన బ్రష్షు, ఆయన పని ఆమె చేతికి వచ్చాయి. ఆమె ఏడవలేదు. వేళకు తినేది, వేళకు పేడ ఎత్తేది. ఎవరైనా ఓదార్చబోతే పక్కింటివాళ్ల సంగతి వింటున్నట్టు వినేది.

తల్లి చనిపోతే ఆయన సీసాతో పాలుపట్టి పెంచిన గుర్రం ఒకటుంది, తెల్లది. మూడు వారాల కిందట మేనేజరు దాని మీద ముచ్చటకొద్దీ, కొట్టాల వరసలోంచి తప్పించి వెనకవైపు కొత్తగా కట్టించిన గదిలో ఉంచాడు. అక్కడ ఫ్యాను ఉంది, మెత్తటి గడ్డి ఉంది, చప్పుడు లేదు. రోజూ వచ్చి మురిసిపోయేవాడు.

“ఏం చెయ్యి వదినా నీది! పాలల్లో ముంచి తీసినట్టు ఉంచుతున్నావు.”

నిజానికి ఆమె దాన్ని పైపైన దువ్వి వదిలేసేది. తనది కాని మెప్పును కాదనడానికి కూడా కొంత ప్రాణం కావాలి. ఆమెలో అంత మిగలలేదు.

ఇంతలో తెల్లది పడడం మొదలుపెట్టింది. నిలబడ్డది నిలబడ్డట్టే తల వాల్చి, మోకాళ్లు మడిచి కూలబడేది, ఉలిక్కిపడి లేచేది. ముందుకాళ్ల గిట్టల పైన చర్మం లేచిపోయి పుండ్లయ్యాయి. పశువుల డాక్టరు చూసి పెదవి విరిచాడు. “మూర్ఛలా ఉంది. పిల్లల్ని ఎక్కించుకునే గుర్రం. ఎవరి మీదైనా పడితే? శనివారం వస్తా. ఇలాగే ఉంటే బాధ లేకుండా పోయేలా సూది వేసేద్దాం.”

ఆమె విని, పక్క కొట్టం ఊడవడానికి వెళ్లింది.

గురువారం పొద్దున డాక్టరు ఇంకో గుర్రం గిట్ట చూడడానికి వచ్చాడు. ఆమె గోధుమరంగు గుర్రం డొక్క మీద ఎండిన పేడ మరకను రుద్దుతోంది. రుద్దీ రుద్దీ భుజం లాగింది. అప్పుడు ఆమె చెయ్యి ఆగిపోయింది. బ్రష్షు అక్కడే పడేసి వెళ్లి డాక్టరు ఎదుట నిలబడింది.

“డాక్టరుగారూ, తెల్లదాన్ని నేను కడగడం లేదండీ.”

“అంటే?”

“పడుకుంటే కదా పేడ అంటేది, మరకలుంటే కదా కడగడానికి. మూడు వారాలుగా అది నడుం వాల్చినట్టు లేదు.”

డాక్టరు పక్కనే ఉన్న మేనేజరు నోరు తెరిచాడు. “మరి నేను రోజూ మెచ్చుకుంటుంటే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేం తల్లీ!”

డాక్టరు మాత్రం నవ్వలేదు. “గుర్రం నిలబడి కునుకు తీస్తుంది. కాళ్లు వాటంతటవే బిగుసుకుంటాయి, పడదు. గాఢనిద్రకు మాత్రం పడుకోవాల్సిందే. రోజుకు అరగంట చాలు. కానీ పక్కన కాపలా కాసే తోడుండాలి. ఒంటరిగా ఉంటే భయంతో పడుకోదు. ఆ నిద్ర నిలబడే ముంచుకొస్తే కూలిపోతుంది. పడుకుంటోందా అని నేను అడగాల్సింది, అడగలేదు.”

“అయితే వరసలో కట్టేద్దామా?” అంది ఆమె.

“మూర్ఛ కాదని తేలేదాకా పిల్లలు తిరిగేచోట వద్దు,” అన్నాడు మేనేజరు. “గదిలో ఏం చేసుకుంటావో చేసుకో.”

గేటు దగ్గరి ముసలికుక్క ఒకప్పుడు వరసలో తెల్లదాని ముందే పడుకునేది. ఆమె దాన్ని తెచ్చి గదిలో వదిలింది. అది గడ్డిలో మూడు చుట్లు తిరిగి, ముక్కు తోక కింద దూర్చి ముడుచుకుంది. కళ్లు మూసినా చెవులు తిరుగుతూనే ఉన్నాయి. ఆ పగలంతా తెల్లది కుక్కను చూస్తూ నిలబడింది. శుక్రవారం మోకాళ్లు వంచబోయి మానేసింది.

శనివారం పదింటికి డాక్టరు సంచీతో వచ్చాడు, వెంట మేనేజరు. ఆమె గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. లోపల తెల్లది పక్కకు ఒరిగి, కాళ్లు చాపి పడుకుంది. రెప్పల కింద కళ్లు కదులుతున్నాయి. ఎక్కడో పరుగెడుతున్నట్టు గిట్టలు గడ్డిని తడుముతున్నాయి. కుక్క తల ఎత్తి వచ్చినవాళ్లను చూసింది గానీ మొరగలేదు.

డాక్టరు సంచీ తెరవలేదు. “బతికింది. సంతోషమేనా అమ్మా?” అన్నాడు మెల్లగా.

ఆమె లోపల వెతుక్కుంది. సంతోషం ఉండాల్సిన చోటు తెలుస్తోంది గానీ అక్కడేమీ తగల్లేదు.

“పడుకుంది కదండీ,” అంది.

“పద, వరసలోకి తోలుకెళ్దాం,” అంటూ మేనేజరు తలుపు మీద చెయ్యి వేశాడు.

ఆమె ఆ చేతిని పట్టుకుని ఆపింది. “లేవనివ్వండి ముందు.”